జాతీయాదాయం పెరిగితే మన బతుకులు మారతాయా?

డిగ్రీలోనైనా, గ్రూప్స్ పరీక్షల్లోనైనా అర్థశాస్త్రం పేపరులో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటుంది. ఆర్థిక వృద్ధికీ ఆర్థికాభివృద్ధికీ తేడా ఏమిటి? మనలో చాలామందిమి పట్టిక గీసి, ఐదు తేడాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కానీ ఈ ప్రశ్న పరీక్ష హాలుతో అయిపోయేది కాదు. మన మెస్ చార్జీలకూ, ఉపకారవేతనాలకూ, ఇంటి దగ్గర మన అమ్మానాన్నల బతుకులకూ దీనితో నేరుగా సంబంధం ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ విషయాన్ని మనకు తెలిసిన లెక్కలతోనే చెప్పుకుందాం.

ముందుగా మాటల అర్థాలు చూద్దాం. ఒక దేశంలో ఏడాది కాలంలో తయారైన అంతిమ వస్తువులు, సేవల మార్కెట్ విలువ మొత్తాన్ని స్థూల దేశీయోత్పత్తి అంటాం. అందులోంచి యంత్రాలు, భవనాల తరుగుదల తీసేసి, విదేశాల నుంచి వచ్చిన ఆదాయాన్ని కలిపి, విదేశాలకు పోయినదాన్ని మినహాయిస్తే నికర జాతీయాదాయం వస్తుంది. దాన్ని జనాభాతో భాగిస్తే తలసరి ఆదాయం.

మన దేశంలో ఈ లెక్క మొదలైందే తిండి గురించిన ప్రశ్నతో. 1867-68లో భారతీయుడి తలసరి ఆదాయం ఏడాదికి 20 రూపాయలని దాదాభాయ్ నౌరోజీ అంచనా వేశారు. ఆయన అంతటితో ఆగలేదు. జైల్లో ఖైదీకి తిండికీ బట్టకీ ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, సగటు భారతీయుడికి ఆ పాటి కూడా దక్కడం లేదని తేల్చిచెప్పారు. అమెరికాలో 1934లో జాతీయాదాయ లెక్కలు తయారుచేసిన సైమన్ కుజ్నెట్స్ కూడా, ఆ అంకెను చూసి ప్రజల సంక్షేమాన్ని అంచనా వేయడం కష్టమని ఆ నివేదికలోనే హెచ్చరించారు. అంటే ఈ లెక్క కట్టినవాళ్లకే దాని హద్దులు తెలుసు.

మొదటి హద్దు, అది సగటు కావడం. ఒక వాడలో పది కుటుంబాలున్నాయనుకుందాం. తొమ్మిది కుటుంబాలకు ఏడాదికి లక్ష చొప్పున, పదో కుటుంబానికి 41 లక్షలు వస్తే మొత్తం 50 లక్షలు. సగటు 5 లక్షలు. ఆ సగటు ఆదాయం ఉన్న ఇల్లు ఆ వాడలో ఒక్కటీ లేదు. ఇప్పుడు మన రాష్ట్రం సంగతి చూడండి. 2024-25కు తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలని ప్రభుత్వ సామాజిక ఆర్థిక నివేదిక చెప్పింది. దేశ సగటు కంటే ఇది దాదాపు 1.8 రెట్లు. దీని ప్రకారం నలుగురున్న ఇంటికి ఏడాదికి 15 లక్షలకు పైగా రావాలి. మరి కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం రావాలంటే ఎస్సీ విద్యార్థి తల్లిదండ్రుల ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. మనం ఏటా మండలాఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకునే ఆదాయ ధ్రువపత్రం మీది అంకెకూ, ఆ 15 లక్షలకూ మధ్య ఉన్న దూరాన్ని సగటు చూపించదు.

రెండో హద్దు, లెక్కలోకి ఏది వస్తుంది, ఏది రాదు అన్నది. హాస్టల్లో వంట చేసే అక్క జీతం జాతీయోత్పత్తిలోకి వస్తుంది. అదే అక్క ఇంటికెళ్లి పిల్లలకు చేసిపెట్టే వంట రాదు. నీళ్లు పడని చోట బోరు వేస్తే, బోరు బండి వాళ్ల సంపాదన లెక్కకొస్తుంది. రైతు నెత్తిన పడ్డ అప్పు మాత్రం ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. జబ్బు చేసి ప్రైవేటు ఆసుపత్రికి లక్ష కడితే ఉత్పత్తి పెరుగుతుంది. జబ్బు రాకుండా ఉంటే పెరగదు.

అలాగని ఉత్పత్తి అక్కర్లేదని కాదు. ఉత్పత్తి, ఆదాయం పెరగకపోతే పన్నులు రావు. పన్నులు రాకపోతే బడికీ, ఆసుపత్రికీ, హాస్టలుకూ డబ్బుండదు. అసలు ప్రశ్న, వచ్చిన ఆదాయం దేనిగా మారుతోంది అన్నదే. మహబూబ్ ఉల్ హక్, అమర్త్యసేన్ వంటివారి కృషితో 1990లో వచ్చిన మానవాభివృద్ధి సూచిక ఈ ప్రశ్న నుంచే పుట్టింది. అది ఆదాయంతో పాటు ఆయుర్దాయాన్ని, చదువును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 2023 లెక్కల ప్రకారం మొత్తం ఉత్పత్తిలో ప్రపంచంలోని మొదటి ఐదు దేశాల్లో ఉన్న మన దేశం, ఆ సూచికలో 193 దేశాల్లో 130వ స్థానంలో నిలిచింది.

మన దేశంలోనే పోల్చి చూద్దాం. తలసరి ఆదాయంలో తెలంగాణ కేరళను మించింది. కానీ 2020లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఏడాది నిండకుండానే చనిపోయినవారు కేరళలో 6 మంది, తెలంగాణలో 21 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 24 మంది. కేరళలో ఊరూరా బడి, దగ్గర్లో ఆసుపత్రి, ఆడపిల్లల చదువు ఎన్నో దశాబ్దాల ముందే మొదలయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో కేరళ అక్షరాస్యత 94 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 67 శాతం. హైటెక్ సిటీ కట్టి అప్పటికి పదేళ్లు దాటినా మన రాష్ట్రం దేశ సగటైన 73 శాతాన్ని కూడా అందుకోలేదు.

ఇక మన హాస్టల్ సంగతి. అర్థశాస్త్రంలో ప్రస్తుత ధరలు, స్థిర ధరలు అని రెండు చదువుతాం. వాటిని మన మెస్ చార్జీల్లోనే చూడొచ్చు. తెలంగాణలో ఇంటర్ నుంచి పీజీ దాకా 2017లో నెలకు 1,500 రూపాయలు ఖరారు చేశారు. 2024 చివరలో 2,100 చేసేదాకా అది కదల్లేదు. ఆ ఏడేళ్లూ కాగితం మీద 1,500 అలాగే ఉంది. పప్పు, నూనె, గ్యాసు ధరలు మాత్రం ఆగలేదు. కాబట్టి స్థిర ధరల్లో చూస్తే మన చార్జీ ఏటా తగ్గుతూ వచ్చిందన్నమాట. ఆ తగ్గుదలను మనం పలచబడ్డ చారులో చూశాం. అదే ఏడేళ్లలో రాష్ట్ర తలసరి ఆదాయం మాత్రం దాదాపు రెట్టింపయింది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సేవలకు మార్కెట్ ధర ఉండదు. అందుకని జాతీయాదాయ లెక్కల్లో వాటిని ఖర్చు దగ్గరే కొలుస్తారు. అంటే ఆ లెక్కల్లో ఈ హాస్టల్ విలువ, దీనికయ్యే జీతాలు, బియ్యం, కరెంటు బిల్లులే. కూలిపనికి పోయే ఇళ్ల నుంచి వచ్చి, ఆ ఇంట్లో మొదటి పట్టభద్రులమైన మాబోటివాళ్లం ఆ ఏడాది లెక్కలో ఎక్కడా ఉండం. హాస్టల్ మూసేస్తే జాతీయోత్పత్తిలో తగ్గేది కూడా ఆ కాస్త ఖర్చే. మిగతా నష్టం ఏ పట్టికలోనూ కనబడదు. అందుకే దాని గురించి మనమే మాట్లాడాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగానే ఎక్కువగా తలుచుకుంటాం. ఆయన అర్థశాస్త్రవేత్త కూడా. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన పేరే 'నేషనల్ డివిడెండ్ ఆఫ్ ఇండియా', అంటే జాతీయాదాయం. ప్రభుత్వ రాబడి, ఖర్చుల మీద సాగిన ఆ పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చింది. అదే 1925లో ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌లో విద్యార్థుల కోసం ఒక హాస్టల్ తెరిచింది. దేశం డబ్బు ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో లెక్క చూసిన మనిషి, అది ఎక్కడికి పోవాలో కూడా చేసి చూపించాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడ్జెట్ వస్తుంది. వృద్ధి రేటు ఎంత అన్న వార్తను పేపర్లు మొదటి పేజీలోనే వేస్తాయి. అది చదవండి. తర్వాత లోపలి పేజీలు తిప్పి సాంఘిక సంక్షేమానికి ఎంత కేటాయించారో, పోయిన ఏడాది కేటాయించినదాంట్లో ఎంత ఖర్చు పెట్టారో కూడా చూడండి. ఆ రెండు అంకెలనూ నోట్‌బుక్కులో రాసుకుని నోటీసు బోర్డు మీద పెట్టండి. మెస్ చార్జీల గురించి వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఆ కాగితం మన చేతిలో ఉండాలి.