గిటారు మెడమీద కాగితం పలక

వీణకు ఉన్నట్లే గిటారుకూ మెట్లుంటాయి. వాటిని బిగించే పలకకు ఎబొనీ, రోజ్‌వుడ్ వంటి గట్టి కర్రలు వాడడం రివాజు. ఎబొనీ మనకు బీడీ ఆకునిచ్చే తునికి చెట్టుకు దగ్గరి చుట్టం. రోజ్‌వుడ్ మన జిట్రేగి ప్రజాతిదే. ఈ చెట్లు నెమ్మదిగా పెరుగుతాయి. గొడ్డలికి ఆ ఓపిక లేదు! 2017 నాటికి జిట్రేగి ప్రజాతి మొత్తం 'సైటిస్' అనే అంతర్జాతీయ ఒప్పందపు అదుపులోకి వచ్చింది. తయారైన వాద్యాలకు చాలావరకు 2019లో సడలింపు దొరికింది గాని, దుంగలకు దొరకలేదు.

మరి ప్రత్యామ్నాయం? కాగితం! నవ్వకండి. కాగితపు పొరలను ఫినాలిక్ రెజిన్‌లో తడిపి, వేడిచేస్తూ గట్టిగా నొక్కుతారు. రెజిన్ అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, మళ్లీ కరగని పలకగా బిగుసుకుంటాయి. పాత ఇళ్లలోని నల్లని బేకలైటు స్విచ్చులు చూశారు కదూ? ఇంచుమించు అదే రసాయనం. ఈ పలక పేరు రిచ్‌లైట్. గిబ్సన్ కంపెనీ కొన్ని గిటార్లకు దీన్నే వాడింది.

నాదం చెడదా? ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కు తీగ కంపిస్తే, దాని కింద అయస్కాంతం చుట్టూ ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆ చుట్ట పసిగట్టేది తీగ కదలికనే, కర్రను కాదు. అందుచేత తేడా స్వల్పమే. వాయించేవాళ్లు ఒప్పుకోరనుకోండి! పైగా కర్ర పొడి గాలికి కుంచించుకుంటే మెట్ల కొనలు బయటికి పొడుచుకొచ్చి చేతిని గీరుతాయి. కాగితం పలకతో ఆ బాధ తక్కువ.