మెట్ట చెరువులకు చేప పేను బెడద

సంక్రాంతి వెళ్లి శివరాత్రి దగ్గర పడేసరికి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల మెట్ట చెరువుల్లో నీరు బాగా తగ్గుతుంది. ఆ రోజుల్లో పొద్దుటి పూట చెరువు కట్ట మీద నిలబడితే కొన్ని ఊళ్లలో చేపలు ఉలిక్కిపడినట్లు నీటి మీదికి ఎగురుతూ కనిపిస్తాయి. మరికొన్ని తూము రాళ్లకు, తుమ్మ మొద్దులకు ఒళ్లు రాసుకుంటూ ఉంటాయి. చేప మంచి జోరు మీద ఉందని దారిన పోయేవారు అనుకుంటారు. వల వేసేవారు అలా అనుకోరు. నాలుగు చేపలను పట్టి పొలుసు మీద వేలితో రాసి చూస్తారు. పెసరబద్దంత చదునైన పురుగు వేలి కింద పక్కకు జారిందంటే ఆ ఏటి కౌలు డబ్బు గిట్టుబాటు అయ్యే మాట అనుమానంలో పడినట్లే.

ఇది చేప పేను. శాస్త్రజ్ఞులు ఆర్గులస్ అంటారు. పేరుకు పేనే గాని ఇది రొయ్య, పీతల జాతికి చెందినది. ఒళ్లు అద్దంలా ఉండి లోపలి రంగు బయటికి కనిపిస్తుంది. ముందు వైపు రెండు నల్లటి కళ్లు, కింద అంటుకునే రెండు గుండ్రటి పట్లు. సూది లాంటి ముల్లును చేప చర్మంలోకి దించి రక్తం పీలుస్తుంది. బొచ్చె, శీలావతి, మోసు మూడూ కలిసి పెరిగే చెరువులో ఇది శీలావతిని ఎక్కువగా పడుతుంది. ఒకటీ రెండూ ఉంటే చేప తట్టుకుంటుంది. పదులు దాటితే మేత మానుతుంది. తల పెద్దది, ఒళ్లు సన్నం అవుతుంది. ముల్లు దిగిన చోటల్లా ఎర్రమచ్చ లేస్తుంది. ఆ మచ్చలో సూక్ష్మజీవులు చేరి పుండు పడుతుంది. చాలా చేపలు పేను వల్ల కాక ఆ పుండు వల్లనే చస్తాయి.

పేను పట్టిన చేపను తింటే మనిషికి ఏమీ కాదు. ఈ పురుగు మనిషి ఒంట్లో బతకదు. కడిగితే పోతుంది. అయితే ఎర్రమచ్చల చేపను సంతలో ఎవరు కొంటారు? కిలో మీద కొంత తగ్గించి అడుగుతారు, లేదా పక్క బుట్ట దగ్గరకు పోతారు.

ఈ బెడద మెట్టకు కొత్తది కావచ్చు గాని ఆంధ్ర దేశానికి కొత్త కాదు. 1970ల నుంచి కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు లేచినప్పటి నుంచీ కైకలూరు రైతులకు పేనుతో పరిచయం ఉంది. అక్కడ ఒకప్పుడు గమాక్సిన్ చల్లేవారు. దాన్ని 1997లో దేశంలోనే నిషేధించారు. తర్వాత పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మేతలో కలిపి పెట్టే మందులూ వచ్చాయి. కైకలూరు చెరువు ఒక ఆసామిది. నాలుగు వైపులా గట్టు ఉంటుంది. లోతు తెలుసు. తవుడు సంచులను కర్రలకు కట్టి మేపుతారు కనుక మేతలో మందు కలిపితే అది చేప నోటికి చేరుతుంది.

జగ్గయ్యపేట వైపు పరిస్థితి వేరు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది గాని చెరువుల తీరు మారలేదు. ఇక్కడి చెరువు ఊరి ఉమ్మడి ఆస్తి. చేప మత్స్యకార సంఘానిది, నీరు ఆయకట్టు రైతుది, రేవు చాకలివారిది, మధ్యాహ్నం ఆ నీళ్లలో పడుకునే గేదెలు ఊరందరివి. ఇక్కడ ఎవరూ చేపకు మేత వెయ్యరు. కనుక మేత మందు పనికి రాదు. నీటిలో చల్లే మందుకు నీటి కొలత తెలియాలి. ఎకరం నీరు మూడడుగుల లోతున ఉంటే సుమారు 37 లక్షల లీటర్లు అవుతుంది. ఒక పక్క మోకాలి లోతు, మరో పక్క నిలువు లోతు ఉన్న చెరువులో ఈ లెక్క ఎవరు తేలుస్తారు? తక్కువ పడితే పేను చావదు. ఎక్కువ పడితే చేప చస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇవి పత్తి, మిరప పండే ఊళ్లు. పత్తికి కొట్టే సైపర్‌మెత్రిన్ సీసా చాలా ఇళ్లలో చూరు కింద ఉంటుంది. కొల్లేటి వైపు చేపలకు ఇదే వాడతారట అని ఎవరో అనగానే ఒక సీసా తెచ్చి పడవ మీద నుంచి వంపేద్దామన్న ఆలోచన వస్తుంది. ఇది చాలా ప్రమాదం. ఆ మందు రొయ్యను, పీతను, నీటి పురుగులను బతకనివ్వదు. మోతాదు దాటితే చేపనూ చంపుతుంది. పశువు తాగే నీటిలో కలపదగిన మందు కాదది. పైగా మళ్లీ మళ్లీ ఒకే మందు వాడితే పేను దానికి అలవాటు పడుతుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో తెల్లదోమ, పచ్చపురుగు ఎన్ని మందులు కొట్టినా లొంగక రైతులను ముంచిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

మరి మందు లేకుండా మార్గం ఏమిటి? దాని గుడ్డు దగ్గర ఉంది. గొడ్డుకు పట్టిన గోమారి గుడ్లు పెట్టే వేళకు గొడ్డును వదిలి కొట్టంలోని గోడ పగుళ్లలోకి పోతుంది. చేప పేను పనీ అంతే. గుడ్లు పెట్టడానికి చేపను వదిలి ఈదుకుంటూ పోయి గట్టి వస్తువు వెతుక్కుంటుంది. రాయి, మొద్దు, తూటికాడ ఏదైనా సరే. దానికి వరుసగా గుడ్లు అంటిస్తుంది. ఒక ఆడపేను కొన్ని వందల గుడ్లు పెట్టగలదు. వేడి నీటిలో రెండు వారాలు అటూ ఇటూగా అవి పొదుగుతాయి.

ఆ గట్టి వస్తువును మనమే ఇచ్చి తీసుకోవచ్చు. పాత చెక్కలు, వెదురు బద్దలు కట్టగా కట్టి, కొంచెం మునిగేటట్లు చెరువులో అక్కడక్కడా కర్రలకు వేలాడదీయాలి. వారానికొకసారి పైకి తీసి, రెండు రోజులు ఎండలో పడేసి, మళ్లీ వెయ్యాలి. తడి ఆరితే గుడ్డు చస్తుంది. దీనికి మందు ఖర్చు లేదు, ఓపిక ఖర్చు ఉంది. రెండు వారాలు మరిచిపోతే మాత్రం మనమే పేలకు పురిటిల్లు కట్టి ఇచ్చినట్లవుతుంది. అంచుల్లోని తూటికాడలు, పాత మొద్దులు తీసేస్తే అవి ఈ చెక్కల దగ్గరకే వస్తాయి.

అసలు పేచీ వేసవిలో వస్తుంది. చెరువు నెర్రెలు విచ్చేదాకా ఎండితే గుడ్డూ చస్తుంది, పేనూ చస్తుంది. కాని ఏ ఊరి చెరువూ పూర్తిగా ఎండనివ్వరు. గొడ్లకోసం తూము దగ్గర మడుగు ఉంచుతారు. ఉంచాలి కూడా. ఆ మడుగులో వలకు దొరకని నాలుగు శీలావతులు, జెల్లలు, పరిగెలు మిగులుతాయి. వాటి ఒంటి మీద పేను మరుసటి ఏటికి దాటుతుంది. సాగర్ ఎడమ కాలువ నీరు వచ్చి చెరువు నిండాక, ఆగస్టులో కొత్త పిల్లను వదిలితే దానికి మొదటి చుట్టం ఆ పేనే.

మడుగులో నీరు ఉండవచ్చు, చేప ఉండకూడదు. పొదిగిన పేను పిల్లకు రెండు మూడు రోజుల్లో చేప దొరకకపోతే బతకదు. పెద్ద పేను సైతం రెండు మూడు వారాలకు మించి నిలవడం కష్టం. కనుక మడుగులోని చేపను చిన్నా పెద్దా లేకుండా పట్టేసి నెలా పదిహేను రోజులు ఖాళీగా ఉంచితే గేదెల నీళ్లు గేదెలకు ఉంటాయి, పేను గొలుసు తెగుతుంది. దీనికి ఆనవాయితీ కూడా సాయం చేస్తుంది. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె నాడు చేప తినని ఇల్లు తక్కువ. ఆ రోజుకు మడుగు చేప మంచి ధరకే పోతుంది. అక్కడి నుంచి ఆగస్టు దాకా గడువు చిక్కుతుంది. ఈలోగా వాగు నీటితో అడవి చేప ఎక్కిరాకుండా నీరు దిగే చోట సన్న కన్నుల వల కట్టాలి. నూటికి నూరు పాళ్లూ ఆగుతుందని కాదు, చాలావరకు తగ్గుతుంది.

పట్నంలో అద్దాల తొట్టెలో రంగు చేపలు పెంచేవారికి కూడా ఈ కిటుకు తెలుసు. వారికి తెల్లమచ్చ తెగులుతో తిప్పలు. చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్లు కనిపించే ఆ పరాన్నజీవి చర్మం కింద ఉన్నంతసేపు మందుకు అందదు. రాలి అడుగున పగిలి వందల పిల్లలుగా ఈదేటప్పుడే చస్తుంది. అందుకే వారు మచ్చలు పోగానే మందు ఆపరు. కొత్త చేపను కొని తెస్తే రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి చూస్తారు.

ఊరి చెరువుకు వేరే తొట్టె ఎక్కడిదని అడగవచ్చు. పిల్లను కొనే దగ్గరే చూపు ఉండాలి. 1957లో ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి సూది మందుతో బొచ్చె జాతి చేపలను గుడ్లు పెట్టించే విధానం కనిపెట్టినప్పటి నుంచీ పిల్ల కోసం ఏటికి పోనక్కరలేకపోయింది. పిల్ల లారీల మీద ఊరూరా తిరుగుతోంది, దానితో పాటే పేనూ. సంచి విప్పాక పిడికెడు పిల్లను తెల్ల గిన్నెలో పోసి చూస్తే కదిలే పురుగు కంటికే కనిపిస్తుంది. కనిపిస్తే ఆ లోడు తిప్పి పంపాలి. కనిపించకపోయినా వంద లీటర్ల నీటికి రెండు మూడు కిలోల కల్లుప్పు కరిగించి, పిల్లను రెండు మూడు నిమిషాలు ముంచి తీయాలి. తల్లడిల్లితే వెంటనే మంచినీటిలోకి మార్చాలి. ఉప్పుతో కొన్ని ఊడిపోతాయే గాని అన్నీ పోవు. సంచిలో వచ్చిన నీళ్లను మాత్రం చెరువులో వంచకూడదు. చెరువంతా ఉప్పు చల్లుదామనుకునేవారు లెక్క చూసుకోవాలి. లీటరుకు రెండు గ్రాములు వేసినా ఎకరానికి ఏడు టన్నులు దాటుతుంది.

ఇక మిగిలింది కౌలు సంగతి. చెరువును ఏడాదికే కౌలుకు ఇచ్చిన చోట, జూన్‌లో దిగిపోయే సంఘానికి మడుగులో మిగిలిన జెల్లలతో పని ఏముంటుంది? వచ్చే ఏడు ఎవరికి దక్కుతుందో తెలియదు. వల అద్దె, కూలీల ఖర్చు తమ నెత్తిన ఎందుకు వేసుకుంటారు? మడుగు ఖాళీ చేసి అప్పగించాలన్న షరతు వేలం కాగితంలోనే రాసుకుంటే, దానికి కొంత కౌలు తగ్గిస్తే, కొత్తగా పాడుకునేవాడు కూడా తన డబ్బుకు భయపడకుండా పాడతాడు. మత్స్యశాఖ సిబ్బందిని మృగశిరకు ముందే పిలిపించి, గేదెల వాళ్లను, ఆయకట్టు రైతులను కూర్చోబెట్టి ఈ మాట తేల్చుకోవలసింది పంచాయతీలే.