పునర్వినియోగ మూసపత్రాలు - ఎలక్ట్రానిక్ సంతకం: పలాస జీడిపప్పు వ్యాపార పత్రాల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒకే రకమైన పత్రాలను పదేపదే రాసే వ్యాపారంలో మూసపత్రం శ్రమను తగ్గిస్తుంది. అయితే దానిలోని దోషం కూడా అంతే వేగంగా వ్యాపిస్తుంది. మూసపత్రం నిర్మాణాన్ని, ఎలక్ట్రానిక్ సంతకానికి ఉన్న చట్టబద్ధతను, పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: మూసపత్రం, ఎలక్ట్రానిక్ సంతకం, పలాస, తామ్రశాసనాలు, సమ్మతి.

1. ప్రవేశిక

కళింగసీమకు మూసపత్రం కొత్తది కాదు. తూర్పు గాంగుల తామ్రశాసనాలను వరుసగా పరిశీలిస్తే వాటి రచనలో ఒక స్థిరమైన క్రమం కనిపిస్తుంది. శాసనం వెలువడిన చోటు, మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామి పట్ల రాజుకున్న భక్తి, రాజు బిరుదులు మొదట వస్తాయి. ఈ భాగం ఒక శాసనం నుంచి మరొక శాసనానికి పెద్దగా మారదు. దానగ్రహీత పేరు, గోత్రం, గ్రామం, ఎల్లలు, తేదీ మాత్రం మారుతాయి. చివర వచ్చే శాపోక్తి శ్లోకాలు మళ్ళీ పరిచితమైనవే. రేకులను గుచ్చిన కడియంపై రాజముద్ర ఉంటుంది. స్థిరభాగం, చరభాగం, ప్రామాణ్యముద్ర అనే ఈ మూడు అంగాలే నేటి ఎలక్ట్రానిక్ పత్రాల టెంప్లేట్‌కూ ఆధారం.

2. మూసపత్రం నిర్మాణం

శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో ఒక చిన్న జీడిపప్పు కర్మాగారాన్ని ఊహిద్దాం. పప్పు అమ్మకపు ఒప్పందాల్లో నాణ్యత షరతులు, తిరస్కరణ నియమం, వివాద పరిష్కార విధానం ప్రతిసారీ ఒకటే. ఇవి స్థిరభాగం. కొనుగోలుదారు పేరు, డబ్బాల సంఖ్య, ధర, గడువు, పప్పు గ్రేడు చరభాగం. పౌనుకు 300 నుంచి 320 గింజలు తూగే డబ్ల్యూ-320 వంటి గ్రేడ్లను చేతితో టైపు చేయనీయకుండా జాబితా నుంచి ఎంచుకొనేలా అమర్చితే పొరపాటుకు అవకాశం తగ్గుతుంది. ఎవరు ముందు, ఎవరు తరువాత, ఏ చోట సంతకం చేయాలో కూడా మూసలోనే నిర్ణయమై ఉంటుంది.

3. సంతకం - చట్టబద్ధత

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 3వ సెక్షన్ డిజిటల్ సంతకాన్ని, 2008 సవరణ ద్వారా చేరిన 3ఎ సెక్షన్ ఇతర ఎలక్ట్రానిక్ సంతకాలను గుర్తించాయి. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 10ఎ సెక్షన్ చెబుతుంది. సంతకం చేసేటప్పుడు పత్రం మొత్తం నుంచి ఒక హాష్ విలువను గణించి, దానిని సంతకందారు రహస్య కీతో ముద్రిస్తారు. తరువాత ఒక్క అక్షరం మారినా హాష్ సరిపోదు. కాబట్టి సంతకం మూసకు కాక, నింపిన పత్రానికే చెందుతుంది. రేపు మూసను సవరించినా నిన్న సంతకమైన పత్రం మారదు. సంతకం బొమ్మను అతికించడం దీనికి సమానం కాదు.

వీలునామా వంటి కొన్ని పత్రాలకు ఈ చట్టం వర్తించదు. స్టాంపు సుంకం చెల్లించవలసిన పత్రానికి ఎలక్ట్రానిక్ సంతకం వల్ల ఆ బాధ్యత తొలగిపోదు. న్యాయస్థానంలో ఎలక్ట్రానిక్ పత్రాన్ని సాక్ష్యంగా చూపేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం అవసరమవుతుంది.

4. దోషం కూడా పునరావృతమవుతుంది

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006లోని 15వ సెక్షన్ ప్రకారం, ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీదారుకు కొనుగోలుదారు చెల్లింపు గడువు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించరాదు. ఒప్పందం లేకుంటే గడువు 15 రోజులే. పెద్ద కొనుగోలుదారు పంపిన మూసలో 90 రోజులని ఉంటే, చిన్న కర్మాగారం చదవకుండా ప్రతి సరుకుకూ అదే షరతుకు సంతకం చేస్తూ పోతుంది. చట్టం తనవైపే ఉన్నా డబ్బు మాత్రం ఆలస్యంగా అందుతుంది. గడువు గడిలో 45కు మించిన సంఖ్యను అంగీకరించని ఏర్పాటు ఉంటే ఈ చిక్కు మొదట్లోనే తొలగుతుంది.

మరో చిక్కు కార్మికులది. పప్పు ఒలిచే పనిలో అధికశాతం స్త్రీలే. ఆధార్ ఆధారిత ఈ-సైన్ పద్ధతిలో ఓటీపీ ఇవ్వడమంటే సంతకం చేయడమే. ఇంగ్లీషులో ఉన్న నియామక పత్రానికి ఆ అంకెలను మేస్త్రీకి చెప్పేసిన స్త్రీ దేనికి ఒప్పుకున్నదో ఆమెకే తెలియదు. అక్కడ సంతకం ఉన్నది కాని సమ్మతి లేదు. మూసను ఒకసారి తెలుగులో రాయిస్తే అది అందరికీ పనికివస్తుంది. కూలి రేటు, పని వేళలు, మానుకొనే హక్కు సంతకపు గడికి పైనే కనిపించాలి, చదవలేనివారికి చదివి వినిపించాలి.

5. ముగింపు

మూసపత్రం ఆదా చేసే సమయం నిజమైనదే. ఆ సమయంలో కొంత మూసను రాసేటప్పుడే వెచ్చించాలి. ప్రతి మార్పుకూ సంచిక సంఖ్య, తేదీ ఇవ్వడం, ఏడాదికొకసారి చట్టంతో సరిచూడడం, అవతలి పక్షం భాషలో రాయడం అందుకు కనీస నియమాలు. రాగిరేకుపై దోషం దొర్లితే అది ఆ ఒక్క దానానికే పరిమితం. మూసలో దొర్లిన దోషం దానినుంచి పుట్టే ప్రతి పత్రానికీ సంక్రమిస్తుంది.