అరిగిన టైరు చెప్పే సాక్ష్యం

కృష్ణా పశ్చిమ డెల్టాలోని చుండూరు ప్రాంతం నల్లరేగడి నేలలు, వరి పొలాలు గల సీమ. తెనాలి నుంచి దక్షిణంగా సాగే రైలుమార్గంలో ఉన్న ఈ గ్రామం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. సార్వా పనులు మొదలైన నాటి నుంచి ఇక్కడి ట్రాక్టరుకు విశ్రాంతి ఉండదు. నాట్లకు ముందు అది మోకాలిలోతు బురదలో దమ్ము చేస్తుంది. కోతలు ముగిశాక అదే ట్రాక్టరు వెనుక ట్రక్కు తగిలించుకొని, ధాన్యపు బస్తాలతో తారురోడ్డు మీద తెనాలి వైపు సాగిపోతుంది. బురదలోను, తారు మీద కూడ పని చేయవలసినది ఒకే చక్రం. ఈ రెండు నేలల స్వభావాలు పరస్పర విరుద్ధాలు. అందువల్ల ఇక్కడి ట్రాక్టరు టైరు సమంగా అరగడం అరుదు. నాలుగైదు సంవత్సరాలు మన్నవలసిన టైరు రెండేళ్ళకే పనికిరాకుండా పోతే, ఆ సంవత్సరపు మిగులులో గణనీయమైన భాగం టైర్ల దుకాణానికే చేరుతుంది.

తెలుగులో ‘అరుగు’ అనే క్రియకు ప్రాచీన కావ్యభాషలో ‘వెళ్ళు’ అనే అర్థం ప్రసిద్ధం. క్షయించు, జీర్ణమగు అనే అర్థాలు కూడ దానికున్నాయి. (ఇంటిముందు కూర్చునే అరుగు నామవాచకం, దాని ప్రసక్తి ఇక్కడ లేదు.) వెళ్ళే చక్రం అరగక తప్పదు. కనుక టైరు అరిగిందా లేదా అనే ప్రశ్నకు ప్రాధాన్యం తక్కువ. అది ఎక్కడ అరిగింది, ఏ ఆకృతిలో అరిగింది అన్నదే పరిశీలించదగిన విషయం. అంతటా ఒకేవిధంగా అరిగితే అది వయోధర్మం. ఒక అంచున గాని, నడుమ గాని, అక్కడక్కడ గుంటలుగా గాని అరిగితే వాహనంలో ఎక్కడో ఒక దోషమున్నదని గ్రహించాలి.

పూర్వపు ఎడ్లబండికి ఈ సమస్య ఈ రూపంలో లేదు. కొయ్యచక్రానికి కమ్మరి బిగించిన ఇనుపపట్టా నేలను ఒరుసుకుంటూ పోయేది. బరువును కొయ్య మోసేది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలు కోసం గాలి నింపిన టైరును రూపొందించిన తరువాత బరువు మోసే బాధ్యత గాలి మీద పడింది. మన పల్లెలకు టైరుబండి ఆ విధంగానే వచ్చింది. రబ్బరు పైపొర మాత్రమే. లోపలి గాలి ఎంత గట్టిగా ఉంటే టైరు నేలకు తాకే స్థలం అంత తక్కువవుతుంది. అరుగుదలను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం పునాది.

గాలి తక్కువైన టైరు నేల మీద వెడల్పుగా అణగిపోతుంది. నడిమిభాగం కొద్దిగా లోపలికి కుంగుతుంది. బరువంతా రెండు అంచులకూ చేరుతుంది. కొంతకాలానికి రెండు అంచులూ నున్నబడి, నడుమ మాత్రం గాడులు లోతుగా నిలిచి ఉంటాయి. గాలి ఎక్కువైతే దీనికి సరిగ్గా విరుద్ధం: టైరు నడుమ ఉబ్బి అక్కడే నేలను తాకుతుంది, అక్కడే అరుగుతుంది. చుండూరు వంటి ప్రాంతంలో చిక్కు ఏమిటంటే, పొలానికి గాలి తక్కువ కావాలి. వెడల్పుగా అణగిన టైరు బురదలో పట్టు సాధిస్తుంది, నేల గట్టిపడకుండా కాపాడుతుంది. రోడ్డు మీద బరువు లాగడానికి గాలి ఎక్కువ కావాలి. వెనుక టైరులో పొలం పనికి 12 పౌండ్ల ప్రాంతంలో గాలి ఉంచడం పరిపాటి. రవాణాకు అంతకన్న కొన్ని పౌండ్లు ఎక్కువ అవసరం. ఖచ్చితమైన అంకె ట్రాక్టరు వెంట ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దమ్ముకు తగ్గించిన గాలితోనే బస్తాల ట్రక్కును లాగినప్పుడు టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ మడతపడి విచ్చుకుంటాయి. ఆ రాపిడికి వేడి పుడుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. అంచుల అరుగుదల ఈ ప్రమాదానికి ముందుగా కనిపించే గుర్తు. గాలి కొలిచే చిన్న సాధనం ధర కొత్త టైరు ధరతో పోల్చదగినది కాదు. అయినా అది లేని ట్రాక్టరు షెడ్లే ఎక్కువ.

టైరు రెండు అంచులలో ఒక్కటే అరిగితే గాలిని నిందించి ప్రయోజనం లేదు. అప్పుడు చక్రం నిటారుగా నిలిచి ఉన్నదో లేదో చూడాలి. చక్రం పైభాగం లోపలికి వాలితే లోపలి అంచు, వెలుపలికి వాలితే వెలుపలి అంచు అరుగుతాయి. ట్రాక్టరు ముందు చక్రాలలో ఈ వాలుకు తరచుగా కారణం అరిగిన కింగ్‌పిన్ బుష్షులు, వదులైన బేరింగులు. చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకొని ఊపితే ఆ వదులు చేతికి తెలుస్తుంది.

కంటికి తేలికగా చిక్కనిది మరొక దోషం ఉంది. రెండు ముందు చక్రాలు దాదాపు సమాంతరంగా నడవాలి. వాటిని కలిపే కడ్డీ వంగినా, దాని కొలత తప్పినా చక్రాలు ఒకదానివైపు ఒకటి ముక్కు తిప్పుకొని గాని, ఎడమొగం పెడమొగంగా గాని నడుస్తాయి. అప్పుడు చక్రం దొర్లుతూనే కొంత పక్కకు ఈడ్వబడుతుంది. ఒక చక్రం దారి తప్పిన కోణం ఒక్క డిగ్రీ అనుకుందాం. గణితం ప్రకారం కిలోమీటరు నడిచేసరికి ఆ చక్రం దాదాపు 17 మీటర్లు పక్కకు రాసుకుంటుంది. నూరు కిలోమీటర్లకు అది దాదాపు 1,750 మీటర్లు. తారురోడ్డు మీద రబ్బరును అంతదూరం అడ్డంగా ఈడ్చితే మిగిలేదెంత? ఈ దోషాన్ని కన్నుకంటె చెయ్యి బాగా పట్టుకుంటుంది. టైరు మీద అరచేతిని అడ్డంగా రాసినప్పుడు ఒకవైపు నునుపుగా, తిరుగుదిశలో రంపపు పళ్ళలా గరుకుగా తగులుతుంది. వెలుపలి నుంచి లోపలికి నునుపుగా, లోపలి నుంచి వెలుపలికి గరుకుగా ఉంటే చక్రాలు ముందువైపు మితిమీరి దగ్గరైనాయని అర్థం. తద్విరుద్ధంగా ఉంటే దూరమైనాయని అర్థం.

ట్రక్కు టైరు సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. మోయగల దానికన్న ఎక్కువ బరువు ఎత్తితే ఇరుసు నడుమ కుంగి, కొనలు పైకి లేస్తాయి. చక్రాల పైభాగాలు లోపలికి వాలుతాయి. లోపలి అంచులు అరుగుతాయి. లోపలి అంచు దారిన పోయేవారికి కనిపించదు. వెలుపలి నుంచి చూసినవారికి గాడులు చక్కగానే ఉంటాయి. ఆ టైరు పగిలేది మాత్రం లోపలివైపునే. ట్రాక్టరు ట్రక్కులలో మనుషులను ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం. అయినా నాట్ల కాలంలో, మిరపకోతల కాలంలో కూలీలు, అందులోను స్త్రీలు, ఆ ట్రక్కులలోనే పొలాలకు వెళ్ళి వస్తుండడం తెలుగుదేశమంతటా కనిపించే దృశ్యం. కాలువగట్టు మీది ఇరుకుదారిలో టైరు పగలడమంటే ఏమిటో వేరుగా వివరించనక్కరలేదు. ట్రక్కు యజమాని నేల మీద కూర్చుని లోపలి అంచును ఒకసారి చూడడానికి పట్టే సమయం రెండు నిమిషాలు.

నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరులో ముందు చక్రాలు వెనుకవాటికన్న స్వల్పంగా వేగంగా తిరిగేటట్లు నిర్మిస్తారు. బురదలో అది మేలు చేస్తుంది. ఆ గేరును విడిపించకుండా తారురోడ్డు ఎక్కితే ముందు టైర్లు ఊరక జారుతూ అరిగిపోతాయి. దమ్ముచక్రాలతో రోడ్డు ఎక్కడం వేరే కథ; అక్కడ అరిగేది రోడ్డు.

ఈ సూత్రాలన్నిటినీ అతిచిన్న పరిమాణంలో, అతిస్వల్పకాలంలో పరీక్షించే రంగం ఒకటున్నది. అది రేడియో తరంగాలతో దూరం నుంచి నడిపే నమూనా వాహనాల పందెం. మట్టిదారి మీద పరుగెత్తే ‘బగ్గీ’ అసలు వాహనంలో పదోవంతు ఉంటుంది. ఈ తరగతి విద్యుత్ బగ్గీల ప్రపంచ పోటీలు మొదటిసారి 1985లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిగాయి. ఒక్కొక్క పందెం సాధారణంగా ఐదు నిమిషాలు. రైతుకు రెండేళ్ళకు గాని అందని సాక్ష్యం పందెగానికి ఒక సాయంత్రంలో అందుతుంది.

చిత్రమేమంటే, ఆ చిన్న టైరులో గాలిని బిగించరు. రబ్బరును చక్రానికి జిగురుతో అతికించి, లోపల స్పాంజి వలయాన్ని అమర్చుతారు. గాలి వచ్చిపోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. కనుక గాలి ఎక్కువైందనే మాట ఇక్కడ చెల్లదు. అయినా నడిమిభాగం అరగడం కనిపిస్తుంది. కారణం వేగం. చక్రం అతివేగంగా తిరిగినప్పుడు మెత్తని రబ్బరు అపకేంద్రబలానికి నడుమ ఉబ్బుతుంది. ట్రాక్టరు టైరులో గాలి చేసిన పనిని ఇక్కడ భ్రమణం చేస్తున్నది. కార్యం ఒకటే అయినా కారణం వేరు కావచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

బగ్గీ మరొక విశేషాన్ని కూడ చూపుతుంది. దాని చక్రాలను ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వాల్చి బిగిస్తారు. మలుపులో వాహనం వెలుపలికి ఒరిగినప్పుడు వెలుపలి చక్రం సరిగా నేలను పట్టుకోవాలని ఈ ఏర్పాటు. వెనుక చక్రాల ముక్కులను లోపలికి మూడు డిగ్రీల వరకు తిప్పుతారు. తోకభాగం పక్కకు జారకుండా అది కాపాడుతుంది. ముందు చెప్పిన లెక్క ప్రకారం దీని మూల్యం కిలోమీటరుకు 52 మీటర్ల రాపిడి. ఆ సంగతి తెలిసే పందెగాడు రబ్బరును త్యాగం చేస్తున్నాడు. కనుక లోపలి అంచు కాస్త ఎక్కువగా అరిగినంత మాత్రాన అతడు కంగారుపడడు. మిగిలిన భాగమంతా కొత్తగా ఉండి అంచు మాత్రమే నున్నబడితే వాలును అరడిగ్రీ తగ్గించి మళ్ళీ పరుగెత్తించి చూస్తాడు. ఒకేసారి రెండు మార్పులు చేయకపోవడం ఆ రంగంలో కట్టుబాటు వంటిది. చేస్తే ఏ మార్పు ఫలించిందో తెలియదు.

వైద్యశాస్త్రంలో నిదానమంటే రోగకారణాన్ని నిర్ణయించడం. వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. టైరు విషయంలో రెండర్థాలూ అవసరమే. ఒకవైపు అరిగిన టైరును వెంటనే రెండోవైపుకు మార్చి బిగించడం చాలామంది అలవాటు. దానివల్ల టైరు ఆయుర్దాయం కొంత పెరిగేమాట నిజమే గాని, కారణం వెదకక ముందే మార్చితే పాత గుర్తుల మీద కొత్త గుర్తులు పడి సాక్ష్యం చెరిగిపోతుంది. మొదట చల్లని టైరులో గాలి కొలవాలి. పిదప ఎత్తుతున్న బరువును, ఆ తరువాత బేరింగుల, బుష్షుల వదులును చూడాలి. చక్రాల కోణాలను సరిచేయించడం చివరి పని. వదులైన బుష్షుల మీద కోణం సరిచేసినా అది వారం రోజులు కూడ నిలవదు.

కార్లు, లారీల వంటి వాహనాలకు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ లోతును ఒక్కచోట కొలిస్తే చాలదు. లోపలి అంచున, నడుమ, వెలుపలి అంచున వేరువేరుగా కొలిచి, చక్రాన్ని కాస్త తిప్పి మరి రెండుచోట్ల కూడ అదేవిధంగా కొలిచి, తేదీతో సహా ఆ అంకెలను పుస్తకంలో రాసి ఉంచాలి. సార్వా ముగిశాక ఒకసారి, దాళ్వా ముగిశాక ఒకసారి రాసిన ఆ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, రబ్బరు ఏ వైపు ఎక్కువగా తరిగిపోతున్నదో మెకానిక్కుకు చూపించవచ్చు.