మోటారు కాలినప్పుడు డబ్బు ఎక్కడిది?

ఒక ఆదివారము ఆరాధన తరువాత మన సంఘపు సహోదరి ఇంట భోజనమునకు కూర్చున్నాను. చేతులు కడుగుకొనుటకు ఆమె నీళ్ళు కొలిచినట్లు పోసింది. ఇంటి ముందు కుళాయి ఉన్నది. వీధి చివర పెద్ద ట్యాంకు ఉన్నది. నీళ్ళు మాత్రము లేవు.

"మోటారు కాలి నెలయిందయ్యగారూ. బాగుచేయించడానికి డబ్బుల్లేవంట" అన్నది. ఆమె తెల్లవారుజామున పొలము బోరు నుండి బిందెలతో నీరు మోయుచున్నది. త్రాగే నీటికి కూలి డబ్బుతో క్యాను కొనుచున్నది. తరువాత ఆమె అడిగిన మాట నన్ను ఆలోచింపజేసింది. "క్రిస్మస్‌కు గుడికి సున్నము వేయడానికి అందరమూ చందా వేసుకుంటాము గదా, నీళ్ళకు ఎందుకు వేసుకోము?"

ప్రియ పాఠకులారా, నీటి పథకము కట్టుటకు ఎలాగో డబ్బు వచ్చును. దానిని నడుపుటకే డబ్బు ఉండదు. లక్షలు పోసి కట్టినది కొద్ది వేల మరమ్మతు లేక ఆగిపోవును. అప్పుడు ఎక్కువ నష్టపోవునది బీదవాడే.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ లక్ష్యము ప్రతి గ్రామీణ గృహమునకు కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు. ఊరిలోపలి పనుల ఖర్చులో నూటికి 10 వంతులు గ్రామస్థులు డబ్బుగానో, వస్తువులుగానో, శ్రమగానో ఇవ్వవలెనని దాని మార్గదర్శకములు చెప్పినవి. సగముకంటె ఎక్కువగా ఎస్సీ, ఎస్టీలున్న ఊళ్ళకు 5 వంతులే. గ్రామ నీటి సంఘములో సగము మంది స్త్రీలుండవలెనని కూడా ఉన్నది. తన చెయ్యి పడిన పనిని మనిషి కాపాడుకొనును గనుక ఈ ఏర్పాటు చేసిరి.

ఇది మన పెద్దలకు తెలియనిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369 నాటిది. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందులో ఉన్నది. రాయలసీమలో చెరువు త్రవ్వించి, దానిని బాగుచేయువారికి దశబంధ మాన్యము ఇచ్చెడివారు. మరమ్మతు ఖర్చుకు ఆధారము ముందే ఏర్పరచిరన్నమాట.

రాజుల రెండవ గ్రంథము 12వ అధ్యాయము చదవండి. యోవాషు దినములలో మందిరము బాగుచేయుటకు డబ్బు వచ్చుచున్నను, అతని యేలుబడిలో 23వ సంవత్సరము వరకు పని జరుగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర ఉంచాడు. రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కించి పని చేయించువారికి ఇచ్చారు. కొదువ డబ్బుకు కాదు. వేరు పెట్టెకు, ఇద్దరి యెదుట లెక్కకు.

200 గడపల ఊరు అనుకొనండి. ఇంటికి నెలకు 50 రూపాయలైతే నెలకు 10,000, ఏడాదికి 1,20,000. పంపు నడిపేవాని జీతము, బ్లీచింగు పౌడరు, వాల్వులు పోగా మిగిలినది మోటారు కొరకు వేరే బ్యాంకు ఖాతాలో ఉండవలెను. కరెంటు బిల్లు ఎవరిదో ముందే తేల్చుకొనవలెను. దిక్కులేని విధవరాండ్రను, మంచము పట్టినవారిని అడుగకూడదు.

"పన్ను కడుతున్నాము, మళ్ళీ ఎందుకు?" అనువారున్నారు. ప్రభుత్వము బాధ్యత తీరిపోదు. అయితే చందా రసీదు చేతనున్నవాడు గ్రామసభలో నిలువబడి లెక్క అడుగగలడు. మన పేటలు తరచుగా గొట్టము చివరన ఉండును. పైవారు మోటార్లు బిగించి లాగినయెడల ఇక్కడికి చుక్క రాదు. దానినీ అడుగవలెను.

డబ్బున్నను బోరు ఎండితే ప్రయోజనము లేదు. 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము ప్రజల త్రాగునీటి బోరుకు 250 మీటర్లలోపు సేద్యపు బోరు వేయకూడదు. మన విశ్వాసులే ఈ హద్దు దాటితే మనము ఎవరిని అడుగగలము?

సంఘ పెద్దలారా, వచ్చే గ్రామసభ తేదీని ఆరాధనలో ప్రకటించండి. మన స్త్రీలను నీటి సంఘములోనికి పంపండి. ఆ సహోదరి ప్రశ్నకు జవాబు మన చేతులలోనే ఉన్నది. దానిని నమ్మకముగా నెరవేర్చుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.