కణం పగ్గాలు వైరస్ చేతికి చిక్కితే

ఆటలమ్మ, సర్పి తెచ్చే వైరస్‌ది హెర్పిస్ కుటుంబం. ఆ కుటుంబంలోనే క్యాన్సర్‌కు దారితీయగల వైరస్‌లు రెండున్నాయి. వాటిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ముందుగా బయటపడింది. ఆఫ్రికాలో పిల్లల దవడలకు వచ్చే బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ కణాల్లో 1964లో ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇవోన్ బార్, బర్ట్ అచాంగ్ దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో గుర్తించారు. ఉమ్మి ద్వారా సోకే ఈ వైరస్ ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా పెద్దల ఒంట్లో జీవితాంతం దాగి ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న కణం సాధారణంగా బయటి నుంచి కబురు అందితేనే విభజన చెందుతుంది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన బి కణం పైపొరలో సీడీ40 అనే ప్రోటీన్ ఉంటుంది. టి కణం వచ్చి దాన్ని తాకితే, పొర లోపలివైపు ట్రాఫ్ అనే ప్రోటీన్లు వచ్చి చేరతాయి. వాటి ద్వారా మేల్కొన్న ఎన్ఎఫ్-కప్పా-బి అనే మరో ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి పెరుగుదల జన్యువులను నడిపిస్తుంది. పని ముగిశాక కబురు ఆగిపోతుంది.

ఎప్‌స్టీన్-బార్ వైరస్ తయారుచేసే ఎల్ఎంపీ1 ప్రోటీన్ అచ్చం సీడీ40 పనే చేస్తుంది. పైపొరను ఆరుసార్లు దాటి కూర్చునే ఈ ప్రోటీన్లు, ఎవరూ తాకకుండానే ఒకచోట గుంపుకట్టి ట్రాఫ్‌లను పిలుస్తాయి. గోదావరి కాలువ లాకు తలుపు ఎత్తి, మళ్లీ దించకుండా వదిలేసినట్టే ఉంటుంది పరిస్థితి. కణం పెరుగుతూనే ఉంటుంది, చావాల్సిన సమయంలో చావదు. కొన్ని హాడ్జ్‌కిన్ లింఫోమాల్లో, ముక్కు వెనుక గొంతులో వచ్చే క్యాన్సర్‌లో ఈ ప్రోటీన్ కనిపిస్తుంది.

రెండోది కపోసీ సార్కోమా అనే క్యాన్సర్‌కు దారితీసే వైరస్. యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ దీన్ని 1994లో కనుగొన్నారు. మనిషి జన్యువులను పోలిన జన్యువులు దీని దగ్గర చాలా ఉన్నాయి. దీని గ్రాహక ప్రోటీన్ ఒకటి, బయటి కబురుతో పని లేకుండానే కొత్త రక్తనాళాలు పుట్టించే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేయిస్తుంది.

అయితే వైరస్ ఒక్కటే క్యాన్సర్ తెచ్చిపెట్టదు. ఎయిడ్స్ వల్లనో, అవయవ మార్పిడి తర్వాత వాడే మందుల వల్లనో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ముప్పు పెరుగుతుంది. బర్కిట్ లింఫోమా విషయంలో మలేరియా కూడా తోడవుతుంది. ఈ క్యాన్సర్ కణాల్లో మిక్ అనే జన్యువు తన చోటు తప్పి అదుపు లేకుండా పనిచేస్తుంది.

ఈ క్యాన్సర్ల చికిత్స చరిత్రలో గోదావరి సీమకూ చోటుంది. భీమవరంలో 1895లో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్ల పరిశోధనలు నడిపించారు. ఆ కృషి నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. డీఎన్ఏ తయారీకి అవసరమైన ఫోలేట్‌ను కణానికి అందకుండా చేసి, ఈ మందు విభజనను అడ్డుకుంటుంది. 1960ల తొలి ఏళ్లలో ఆఫ్రికాలో బర్కిట్ లింఫోమా పిల్లలకు దీన్ని ఇచ్చినప్పుడు కణుతులు కరిగాయి.

ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కు నేటికీ ఆమోదం పొందిన టీకా లేదు. ఈ వైరస్ ఉన్నవారిలో అత్యధికులకు క్యాన్సర్ ఎన్నడూ రాదు కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ మెడలోనో చంకలోనో వచ్చిన గడ్డ వారాలు గడిచినా తగ్గకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా వైద్యుడికి చూపించాలి.