చవక ఇల్లు కొనేముందు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడం కష్టమని కొందరు పాత ఇల్లు కొంటారు. పాత ఇల్లు చవకగా వస్తుంది. ఎందుకు చవకగా వస్తుందో ముందు తెలుసుకోవాలి.

ఒక కుటుంబం సంగతి చూద్దాం. ఆలుమగలు ఇద్దరూ కూలికి పోతారు. పొదుపు సంఘంలో ఆమె కొంత కూడబెట్టింది. ఊళ్లో ఒక పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. ఇంటాయన అప్పులపాలయ్యాడు. 3 లక్షలకే ఇస్తానన్నాడు.

"ఈ బేరం పోతే మళ్లీ రాదు. రేపే బయానా ఇచ్చేద్దాం" అన్నాడు భర్త.

"ఉండయ్యా, తొందరేముంది? ముందు ఇల్లు చూద్దాం. కాగితాలు చూద్దాం. ఆ తర్వాతే డబ్బు" అంది భార్య.

వాన వెలిసిన మర్నాడు తెలిసిన మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లారు. వాన పడితేనే ఇల్లు ఎక్కడ కురుస్తుందో తెలుస్తుంది. మేస్త్రి వాసాలను సుత్తితో తట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది. లోపల చెదలు తినేశాయి. గోడకు కొత్తగా సున్నం వేసి ఉంది. సున్నం కింద బీట ఉంది. అందులో వేలు పట్టింది.

"సన్న బీట అయితే పూడ్చుకోవచ్చు. ఇంత బీట అంటే పునాది కుంగిందేమో చూడాలి" అన్నాడు మేస్త్రి.

ఇంటికొచ్చి ఆమె పలక మీద లెక్క వేసింది.

ఇంటి ధర 3,00,000
కప్పు బాగుకు 70,000
గోడ, పునాదికి 40,000
ఇంటి పన్ను, కరెంటు బాకీలు 10,000
రిజిస్ట్రేషన్ ఖర్చు 25,000
మొత్తం 4,45,000 రూపాయలు

3 లక్షల ఇల్లు నాలుగున్నర లక్షల దగ్గరికి వచ్చింది.

తర్వాత కాగితాలు అడిగారు. ఇంటాయన దస్తావేజు జిరాక్సు ఇచ్చాడు. ఆమె కూడబలుక్కుని చదివింది. ఇల్లు ఆయన తండ్రి పేరున ఉంది. తండ్రి పోయాడు. వీలునామా లేదు. ఇంటాయనకు ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు.

తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఈ మాట చెబుతుంది. పెళ్లయిన కూతురికైనా అంతే. తల్లి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. వాటాదారులందరూ సంతకాలు పెడితేనే అమ్మకం పూర్తిగా చెల్లుతుంది.

అసలు దస్తావేజు ఏదని అడిగితే ఇంటాయన నసిగాడు. అది షావుకారు దగ్గర తాకట్టులో ఉంది.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ అనే కాగితం ఇస్తారు. రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు అందులో ఉంటాయి. రిజిస్టరు కాని తాకట్టు అందులో కనపడదు. అందుకే ఈసీ ఒక్కటే చాలదు. అసలు దస్తావేజు కూడా కళ్లతో చూడాలి. ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలమైతే, దాన్ని అమ్మవచ్చో లేదో తహసీల్దారు ఆఫీసులో అడగాలి. తెల్ల కాగితం మీద రాసుకుంటే చాలదు. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

ఆమె ఇంటాయనకు మూడు మాటలు చెప్పింది. షావుకారు అప్పు తీర్చి దస్తావేజు తేవాలి. అక్కచెల్లెళ్లు సంతకాలకు రావాలి. బాగుచేత ఖర్చు ధరలో తగ్గించాలి.

"ఒప్పుకోకపోతేనో?" అన్నాడు భర్త.

"ఇల్లు ఆయన దగ్గరే ఉంటుంది. మన డబ్బు మన దగ్గరే ఉంటుంది" అంది భార్య.

బయానా ఇవ్వలేదు కాబట్టే ఆమె ఆ మాట అనగలిగింది.